నన్నెవరూ దొంగిలించలేదు

నేను ఒక చెరకు రసం మిషన్ని. ఈ మాట కాస్త గట్టిగానే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే అయిదారేళ్లపాటు నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. పోలీసు కాగితాల్లో నేను దొంగసొత్తు. కోర్టువాళ్లు నా మెడకి కట్టిన అట్టముక్క మీద వస్తువు నెంబరు ఒకటి. ఛార్జిషీటులో అయితే 'చేతితో తిప్పు పెద్ద చక్రము గల ఆకుపచ్చ ఇనుప యంత్రము, పాతది.' ఆ 'పాతది' ఎవరు రాశారో తెలియదు గానీ, అప్పటికి నా పళ్లచక్రంలో ఒక్క పన్ను కూడా విరగలేదు.

నేను పుట్టింది గోదావరి ఒడ్డున ఒక పోతపని కార్ఖానాలో. కరిగిన ఇనుము ఇసుక అచ్చుల్లో పోసి నా మూడు రోలర్లూ పెద్ద చక్రమూ తీశారు. మొదట నన్ను కొన్నవాడు ఒక సినిమా హాలు గేటు దగ్గర పెట్టి, ఆకుపచ్చ రంగు వేసి, నాలుగేళ్లు తిప్పాడు. విశాఖపట్నం హార్బర్లో పని దొరికేసరికి నన్ను గొంప వారికి అమ్మేసి వెళ్లిపోయాడు. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు పండే ఊళ్లలో వాళ్లది ఒకటి. పేరు చెప్పను. ఆ ఊళ్లో అందరూ ఇప్పుడు బాగానే ఉన్నారు, పాత గొడవ తిరగతోడడం ఎందుకు?

గొంప వారంటే అన్నదమ్ములు ఇద్దరు. పెద్దవాడు నూకరాజు, చిన్నవాడు సన్నాసి. ఇద్దరూ బెల్లం మార్కెట్టులో బస్తాలు మోసేవారు. అప్పటికి ఉమ్మడి కాపురం, ఒకటే పొయ్యి. నన్ను కొన్నరోజున రసీదు ఎవరి పేరున రాయాలని అడిగితే నూకరాజు పేరున రాయమన్నారు, ఎందుకంటే ఇంట్లో సంతకం చెయ్యడం వచ్చినవాడు అతనొక్కడే. కారణం అంతకన్నా ఏమీ లేదు. ఇంత చిన్న కారణం పట్టుకుని మనుషులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగ్గలరని నాకు అప్పట్లో తెలియదు.

నన్ను నడిపింది మాత్రం అన్నదమ్ములు కాదు, వాళ్ల భార్యలు. నూకరాజు భార్య పైడమ్మ, సన్నాసి భార్య చినతల్లి. తోటికోడళ్లన్న మాటే గానీ అక్కాచెల్లెళ్లలాగే మసిలేవారు. నన్ను తోపుడుబండి మీద బిగించి ఊళ్లో కోర్టు గేటు పక్కన వేపచెట్టు నీడలో పెట్టారు. పైడమ్మ చెరకు గడలు పెట్టేది, చినతల్లి చక్రం తిప్పేది. పదకొండేళ్లు అలాగే నడిచింది. ప్లీడర్లు, గుమస్తాలు, వాయిదాకి వచ్చిన పార్టీలు అందరూ మా గిరాకీలే. గెలిచినవాడు ఒక గ్లాసు తాగేవాడు, ఓడినవాడు రెండు తాగేవాడు. వాయిదా పడ్డవాడు మాత్రం ఏమీ తాగకుండా బస్సెక్కేవాడు. అలా వింటూ వింటూ నాకు కొంచెం చట్టం అబ్బింది.

తరవాత పొయ్యిలు రెండయ్యాయి. ఎందుకయ్యాయంటే పెద్ద కథేమీ లేదు. ఇంటి వెనక మరుగుదొడ్డి ఎటువైపు కట్టాలన్న దగ్గర మొదలైన మాట ఎక్కడికో వెళ్లిపోయింది. కులపెద్దలు నలుగురు కూర్చుని ఇల్లు, ఆవు, మంచాలు, గుండిగలు పంచి కాగితం రాశారు. ఆ కాగితంలో నా ఊసు లేదు. పంపకాలు ఇంటి దగ్గర జరుగుతుంటే నేను కోర్టు గేటు దగ్గర పనిలో ఉన్నాను. కళ్లెదుట లేని దాన్ని పెద్దలు మరిచిపోయారు.

వారం తిరక్కుండానే నూకరాజు వచ్చి బండి తోసుకుపోయి తన వాకిట్లో పెట్టుకున్నాడు. రసీదు తన పేరున ఉంది గనక మిషను తనదేనన్నాడు. అతను అబద్ధమాడాడని నేననను. ఆ కాగితాన్ని ఏళ్లపాటు ట్రంకుపెట్టెలో చూసుకుని చూసుకుని నిజంగానే అలా నమ్మేశాడు. చినతల్లి పెద్దల చుట్టూ మూడువారాలు తిరిగింది. వాళ్లు రేపు మాపు అన్నారు. చివరికి ఒక సంతరోజున, పొద్దున్న పదిగంటలకి, వీధంతా జనం తిరుగుతుండగా ఆమె ఒక్కతే వచ్చి బండి పట్టుకుంది. పైడమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

"అక్కా, బండి అట్టుకెల్తన్నాను," అంది చినతల్లి.

"మీ బావ ఊరుకోడే. సూసుకో."

"ఊరుకోకపోతే ఊరుకోడు. పదకొండేళ్లు తిప్పినాను. ఇందులో నాదీ ఉంది. దొంగతనంగా అట్టుకెల్లడం లేదు, నీతో సెప్పే అట్టుకెల్తన్నాను."

పైడమ్మ అడ్డు రాలేదు. వాకిట్లో గతుకు దగ్గర చక్రం దిగబడితే ఒక్క క్షణం లేవబోయి, మళ్లీ కూర్చుంది. అది నేను చూశాను.

మూడోరోజు మధ్యాహ్నం కానిస్టేబుళ్లు ఇద్దరు కోర్టు గేటు దగ్గరికే వచ్చారు. నూకరాజు ఫిర్యాదు ఇచ్చాడు. దొంగతనం కేసు కట్టారు. చినతల్లి చేతిలో అప్పుడు సగం నిండిన గ్లాసు ఉంది. గిరాకీకి ఇచ్చి వస్తానంటే ఒప్పుకున్నారు, అంతవరకు మర్యాదే. ఆమె నాలుగు రోజులు సబ్‌జైల్లో ఉండి బెయిలు మీద వచ్చింది. నేను మాత్రం రాలేదు. నన్ను మొదట స్టేషనుకీ, అక్కణ్ణించి కోర్టు సొత్తు గదికీ చేర్చారు. పదకొండేళ్లు ఏ గేటు బయట నిలబడ్డానో ఆ గేటు లోపలికే వెళ్లాను. దూరం నలభై అడుగులు.

సొత్తు గదంటే కేసుల్లో పట్టుకున్న వస్తువులు తీర్పు వచ్చేదాకా పడి ఉండే చోటు. నా ఎడమపక్క ఒక సైకిలు, కుడిపక్క నాటుసారా డబ్బాలు, ఎదురుగా గోడకి ఆనించి ఒక గొడ్డలి. గొడ్డలి మెడలోనూ నాలాంటి అట్టముక్కే. అది కట్టెలు కొట్టడానికి పుట్టింది, ఎవడో ఇంకెందుకో వాడాడు. తాళంచెవి అటెండరు గవరయ్య దగ్గర ఉండేది. మంచివాడే, కాని నూనె చుక్క వెయ్యడానికి అతనికి అధికారం లేదు. మిషను నాకిప్పించండని చినతల్లీ నూకరాజూ ఇద్దరూ అర్జీలు పెట్టుకున్నారు. ఇద్దరూ అడుగుతున్నారు గనక ఎవరికీ ఇవ్వలేదు. మొదటి వానాకాలానికే నా రోలర్లు బిగుసుకున్నాయి. రసం కారే గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది.

గదికీ కోర్టు హాలుకీ మధ్య గోడలో పైన ఒక వెంటిలేటరు ఉంది. విచారణ మొత్తం అందులోంచే విన్నాను. నూకరాజు రసీదు చూపించాడు. పంచనామా సాక్షులు చెప్పాల్సింది చెప్పారు. తరవాత పైడమ్మని బోనెక్కించారు. ఆమె పోలీసుల తరఫు సాక్షి. చినతల్లి వాకిట్లోంచి బండి తీసుకెళ్లడం చూశావా అని అడిగితే చూశానంది. చినతల్లి తరఫు ప్లీడరు లేచి ఏమీ తోచక ఒకే ప్రశ్న వేశాడు. తీసుకెళ్తున్నప్పుడు ముద్దాయి ఏమైనా అందా?

బోను పక్కనే నూకరాజు నిలబడి ఉండి ఉంటాడు.

"అంది బాబూ," అంది పైడమ్మ. "ఇందులో నాదీ ఉంది, నీతో సెప్పే అట్టుకెల్తన్నాను అంది. పొద్దున్న పదిగంటలకి, వీధందరూ సూస్తుండగా."

ఆ మాటని గుమస్తా టైపు కొట్టాడు. ప్లీడరు కూర్చున్నాడు. ఆ మాట విలువెంతో ఆ రోజు ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు. తీర్పులో రసీదు నూకరాజు పేరున ఉందని రాశారు, అతని వాకిట్లోంచి అతని అనుమతి లేకుండా తీసిందని రాశారు, కనక దొంగతనమేనని మూడు నెలలు శిక్ష వేశారు. పై కోర్టుకి వెళ్తే అక్కడా అదే ఖాయం చేశారు.

శిక్ష కన్నా ముందు వీధి శిక్ష మొదలైంది. చినతల్లి రెండు ఇళ్లలో అంట్లు తోమి బతుకుతోంది. ఒక ఇంట్లో ఆమె వెళ్లిపోగానే గిన్నెలు లెక్కపెట్టుకునేవారట. లెక్కపెట్టుకుంటే పెట్టుకోనీ, తలుపు వేసుకునైనా పెట్టుకోవచ్చు కదా అని సన్నాసితో అని ఏడ్చిందట. ఈ సంగతి గవరయ్య ఎవరితోనో చెబుతుంటే విన్నాను. ఊళ్లో చినతల్లులు ముగ్గురున్నారు. ఆనవాలు కోసం ఈమెని 'దొంగ చినతల్లి' అనడం మొదలెట్టారు.

అలాంటి రోజుల్లో హైమవతి వచ్చింది. కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్ల. చదువుకునే రోజుల్లో వాళ్ల నాన్నతో కోర్టుకి వచ్చినప్పుడల్లా నా దగ్గర రసం తాగి వెళ్లేది. ఒక మధ్యాహ్నం సొత్తు గది ముందు వరండాలో చినతల్లిని కూర్చోబెట్టి సాక్ష్యాల నకళ్లు తిరగేస్తూ ఒకచోట ఆగిపోయింది.

"చినతల్లమ్మా, మీ అక్క చెప్పిన ఈ మాట మీ ప్లీడరుగారు వాదనలో ఎత్తారా?"

"నాకేటి తెలుస్తాది పాపగారూ. మా అక్క నామీద సాచ్చికం సెప్పింది. అదొక్కటే తెల్సు."

"మీమీద కాదు. ఇది మీ పక్షాన చెప్పిన మాట. ఇంత మంచి మాట మీ తరఫున ఇంకెవరూ చెప్పలేదు."

ఆ సంతరోజు తరవాత చినతల్లి పైడమ్మ మొహం చూడలేదు. అక్క బోనెక్కిన రోజున కూడా చూడలేదట, తల వంచుకునే ఉందట.

హైమవతి తన సీనియరుతో కలిసి హైదరాబాదు రైలెక్కింది. కింది కోర్టుల తీర్పు మళ్లీ చూడమని హైకోర్టులో రివిజను వేశారు. శిక్ష ఆపి బెయిలిచ్చారు. విచారణకి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఇంతకాలం ఎందుకని మీరడగొచ్చు. నేను అడిగేదాన్ని, నోరుంటే. కాని అక్కడ నాలాంటివి వేలల్లో వరసకట్టి ఉంటాయట.

తీర్పు వచ్చిన సంగతి నాకు వరండాలో పరుగు చప్పుడుతో తెలిసింది. హైమవతి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చింది. వెనక చినతల్లి, సన్నాసి. గవరయ్య సొత్తు గది తలుపు తీసి, స్టూలు తెచ్చి వేశాడు. చుట్టూ పదిమంది పోగయ్యారు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ పిల్ల ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది.

దొంగతనానికి ప్రాణం వస్తువు తియ్యడంలో లేదు, తీసినప్పటి మనసులో ఉంది, అని రాశారు జడ్జిగారు. ఇందులో నాకు హక్కుందని నిజాయితీగా నమ్మి, చెప్పి, పదిమంది చూస్తుండగా తీసుకున్న మనిషికి దొంగ మనసు ఉందనడం కుదరదు. ఆ నమ్మకం చివరికి పొరపాటే కావచ్చు. పొరపాటు పడ్డ మనిషి వేరు, దొంగ వేరు. నమ్మానని నోటితో అంటే చాలదు, నమ్మడానికి ఆధారం ఉండాలి. పదకొండేళ్లు చక్రం తిప్పిన చెయ్యి ఆ ఆధారం. పోలీసుల సాక్షే, ఫిర్యాదీ భార్యే, ముద్దాయి చెప్పి తీసుకెళ్లిందని ప్రమాణం చేసి చెప్పింది. కింది కోర్టులు ఆ వాక్యాన్ని చదవకుండా దాటిపోయాయి. రసీదు ఎవరి పేరున ఉందన్నది యాజమాన్యానికి ఒక గుర్తు మాత్రమే. దాని మీద తగువుంటే తేల్చుకోవలసింది సివిలు కోర్టులో. ఇంటి పంపకాల తగువుకి పోలీసు టోపీ తొడగరాదు.

నా గురించి కూడా ఒక పేరా ఉంది. నిజం చెబుతున్నాను. పేదవాళ్లకి కూడు పెట్టే పనిముట్టుని సొత్తు గదిలో తుప్పు పట్టించడం ఏ పక్షానికీ న్యాయం కాదట. మొదట్లోనే ఫోటోలు తీయించి, వివరం రాసుకుని, పూచీకత్తు మీద ఎవరో ఒకరికి అప్పగించి ఉండవలసిందట.

హైమవతి ఆగింది. చినతల్లి మెల్లిగా అడిగింది.

"అంటే నాను దొంగని కానా?"

"కాదు."

"ఆ మాట అందులో రాసుందా?"

"రాసుంది."

"ఏదీ, ఎక్కడ?"

హైమవతి చివరి పేజీ తిప్పి చూపించింది. చదువు రాని చినతల్లి ఆ వరస మీద వేలు పెట్టి, అలాగే ఉంచేసింది. గవరయ్య మొహం తిప్పుకున్నాడు. సన్నాసి భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"అయితే పాపగారూ, మిషను నాదేనా మరి?"

"అది ఇందులో చెప్పలేదు. అది చెప్పడం ఈ కేసు పని కాదని చెప్పారు."

కళ్లు తుడుచుకుంటూనే చినతల్లి పకపకా నవ్వింది. అయిదేళ్ల తరవాత ఆ నవ్వు విన్నాను.

అప్పటికే నూకరాజు, మిషను తనదని ప్రకటించమని పక్క హాల్లోనే సివిలు దావా వేసి ఉన్నాడు. నన్ను ఫోటోలు తీసి, పూచీకత్తు మీద చినతల్లికి అప్పగించారు. మెకానిక్కు కిరసనాయిలు పోసి రెండు రోజులు కష్టపడితే గానీ రోలర్లు కదల్లేదు. కందిరీగ గూడు చినతల్లే పుల్లతో తీసింది.

సివిలు కోర్టు పద్ధతి వేరని అప్పుడు తెలిసింది. శిక్ష వెయ్యాలంటే తప్పు చేశాడనడంలో సందేహం మిగలకూడదు. హక్కు తేల్చడానికి అంత అక్కర్లేదు, త్రాసు ఎటు మొగ్గితే అటు. ఒక తట్టలో రసీదు పెట్టారు. రెండో తట్టలో పదకొండేళ్ల పని, కొన్ననాటి ఉమ్మడి కాపురం. మళ్లీ పైడమ్మనే అడిగారు, రసీదు నీ భర్త పేరున ఎందుకు రాశారని. ఆమె తడుముకోలేదు.

"సంతకం ఆయనొక్కడికే వచ్చు బాబూ."

త్రాసు మొగ్గింది. మిషను రెండు కుటుంబాలదీ అన్నారు. నన్ను సగానికి కొయ్యడం కుదరదు గనక నెలకొకరు చొప్పున వంతులు వేశారు. నూకరాజు పై కోర్టుకి వెళ్తానన్నాడు. వెళ్లలేదు. ఆ సాయంత్రం ఇంట్లో పైడమ్మకీ అతనికీ ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు.

మొదటి నెల చినతల్లిది. రెండో నెల పైడమ్మ వచ్చింది. ఎదురుగుండా రోడ్డుకి అవతలి పక్క పెట్టుకుంది బండి, పాతచోట పెట్టడానికి మనసొప్పలేదేమో. గడ పెట్టడం అలవాటైన మనిషి, చక్రం తిప్పడం చాతకాదు. రెండు రోజులు భుజం పట్టేసి మూలిగింది. మూడోరోజు చినతల్లి రోడ్డు దాటి వచ్చి చక్రం పిడి అందుకుంది. పైడమ్మ గడ పెట్టింది. మధ్యాహ్నం దాకా వాళ్లిద్దరూ గిరాకీలతోనే మాట్లాడారు.

"అక్కా," అంది చివరికి చినతల్లి, చక్రం ఆపకుండానే. "ఆరోజు బోనులో నువ్వు అలా సెప్తావనుకోలేదు."

"ఉన్నమాట సెప్పడానికి అనుకోడమేటే? గడ బిగుసుకుంది, వెనక్కి తిప్పు."

మూడో నెల ఎవరి వంతో ఇద్దరూ మరిచిపోయారు. నూకరాజు చాలా రోజులు ఆ దారి తొక్కలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు వచ్చి గ్లాసు అందుకుని తాగాడు. అయిసు తక్కువ వేశావని చినతల్లిని తప్పుబట్టి వెళ్లాడు. అది క్షమాపణో, కాదో, ఏ కోర్టూ తేల్చలేదు.

ఏళ్లు గడిచాయి. మోటారు మిషన్లు వచ్చాయి. మావాళ్లూ ఒకటి కొన్నారు. నన్ను వెనక రేకుల కింద పెట్టారు. కరెంటు పోయినప్పుడు మాత్రం పిలుస్తారు. నా రోలర్ల గాడులు అరిగిపోయాయి, ఒకసారి పిండాల్సిన గడని మూడుసార్లు పిండాలి. ఇంక పాత ఇనుము కింద కాటాకి వెయ్యడమే మిగిలింది అనుకుంటూ ఉన్న రోజుల్లో ఒకాయన బస్సు దిగి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. ఎండకి నల్లబడ్డ మనిషి, చేతిలో ఎండుచేపల పొట్లం.

"గొంప చినతల్లమ్మంటే మీరేనా?"

చినతల్లి మొహం పాలిపోయింది. "ఇంకేటి కేసు బాబూ?"

"కేసు కాదమ్మా. నా పేరు మైలపల్లి ఎర్రయ్య. సికాకోళం జిల్లా, సముద్రపొడ్డున మా ఊరు. నానూ ఇంకో ఆసామీ పొత్తుకి పడవేసుకున్నాం. మాటా మాటా వచ్చింది. నాదీ ఉందని సెప్పి నాను యాటకి తీసుకెల్తే, దొంగతనం కేసెట్టారు. మా ప్లీడరు కోర్టులో లేచి 'గొంప చినతల్లి కేసు' అని ఒక పుస్తకంలోంచి సదివాడు. జడ్జిగారు ఇలా తలూపి, ఇది సివిలు తగువు, పోయి అక్కడ తేల్చుకోండని మొదటి కోర్టులోనే నన్నింటికి పంపేసారు. జైలూ లేదు, హైదరాబాదూ లేదు. పడవ కూడా అప్పుడే ఇచ్చేసారు, నీళ్లల్లోనే ఉంది. ఆ చినతల్లెవరో మనిషిని సూసి రావాలని వచ్చాను."

హైమవతి ఎప్పుడో చెప్పింది, ఆ తీర్పు తీర్పుల పుస్తకంలో అచ్చయిందని, ఇలాంటి తగువు వచ్చినప్పుడల్లా అన్ని జిల్లాల్లోనూ దాన్ని చదువుతారని. చినతల్లి అప్పుడు ఊఁ కొట్టింది గానీ, చదివితే ఏమవుతుందో ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉంది, ఎండుచేపల పొట్లం పట్టుకుని.

"బాగానే ఉంది," అంది పైడమ్మ, స్టూలు మీంచి. "మాటన్నది నాను. పుస్తకంలో పేరు దీనికొచ్చింది."

ఎర్రయ్య నవ్వి, ఆ మిషను ఇంకా ఉందా అని అడిగాడు. నన్ను చూపించారు. రేకుల కిందికి వంగి వచ్చి, నా చక్రం మీద అరచెయ్యి పెట్టాడు. కరెంటు ఉన్నా సరే, అతనికి నాతోనే రసం తీశారు. ఆలస్యమైంది, చాలా ఆలస్యమైంది, నా రోలర్ల సంగతి చెప్పాను కదా. అతను తొందరపడలేదు.

అతను వెళ్లాక చినతల్లి గ్లాసు కడుగుతూ అంది. "సూసావా అక్కా, నాను వైజాగు దాటి ఎల్లలేదు గానీ నా పేరు ఎక్కడెక్కడికి ఎల్లిపోతందో."

"ఎల్లనీవే," అంది పైడమ్మ. "ఎల్లిన సోటల్లా ఎవరో ఒకరు ఇంటికెల్తన్నారు కదా."